షెవెల్ ఇంజిన్ మీది నంబరు

హామ్‌ట్రామెక్, మిషిగన్
18 ఏప్రిల్ 2004

ఫ్లోర్యన్ బాబాయ్,

మీ ఓడ డెట్రాయిట్ దగ్గర నది దాటేటప్పుడు తపాలా పడవ వాళ్ళు ఈ ఉత్తరంతో పాటు ఒక పొట్లం కూడా, మీరు ఓడ మీంచి తాడుతో దించే బకెట్లో వేస్తారు. అమ్మ చేసిన సాసేజ్. "ఓడలో వంట చేసేదే బాబాయి, ఆయనకి మనం వండి పంపడమేమిటమ్మా?" అన్నాను. "అందరికీ వండి పెట్టేవాడికి ఎవరు పెడతారే?" అంది. తాడు నెమ్మదిగా లాగు. పోయినేడాది రొట్టె నదిలో పడింది, అమ్మ ఇంకా మర్చిపోలేదు.

మేడ మీద అద్దెకున్న వాళ్ళు మార్చి నెలాఖరుకి ఖాళీ చేశారు. జనవరిలో నువ్వు ఓడ ఉద్యోగం మానేసి వచ్చేసరికి ఆ వాటా సిద్ధంగా ఉండాలని నాన్న రోజూ పైకెక్కి గోడలు గీకుతున్నాడు. నీ కుర్చీ ఎక్కడ వెయ్యాలో నేల మీద సుద్దతో గీత కూడా గీశాడు. "నా తమ్ముడు ముప్పై ఒక్క సీజన్లు నీళ్ళ మీదున్నాడు, ఇక నా నెత్తి మీద ఉంటాడు" అని బేకరీలో అందరికీ చెబుతున్నాడు.

ఇప్పుడు నా గొడవ విను. పోయిన ఆగస్టులో వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్ల ఊరేగింపులో మన 1970 షెవెల్ కారు మళ్ళీ పొగలు కక్కింది. ఎవరో జపాన్ కారతను వెనక నుంచి తోసి పక్కకి చేర్చాడు. ఊరంతా చూసింది. నాన్న ఇంటికొచ్చి దాని మీద గుడ్డ కప్పాడు. ఎనిమిది నెలలైంది, గుడ్డ తీయలేదు.

నేను పనిచేసే ఇంజిన్ రిపేరు షాపు యజమాని దగ్గర 2001 నాటి పికప్ ట్రక్కు ఇంజిన్ ఒకటి ఉంది. ట్రక్కు వెనకభాగం నుజ్జయింది గానీ ఇంజిన్‌కి గీత కూడా పడలేదు. ఇదీ ఎనిమిది సిలిండర్లదే. పాతదానికన్నా తేలిక, తక్కువ తాగుతుంది, వేడెక్కదు. దాన్ని షెవెల్‌లో పెడదామన్నాను. నాన్న ఫోర్కు కింద పెట్టేశాడు.

"ఆ కారు ఏ ఇంజిన్‌తో పుట్టిందో దానితోనే పోతుంది. కారు నంబరూ ఇంజిన్ నంబరూ ఒక్కటే. ఫ్లింట్ ఫ్యాక్టరీలో కొట్టిన ముద్ర. అలాంటిది ఈ వీధిలో ఇంకోటి చూపించు."

"కదలని కారు ఈ వీధిలో ఇంకోటి చూపించు నాన్నా."

అమ్మ నవ్వింది. దాంతో ఆయన అన్నం దగ్గర్నుంచి లేచిపోయాడు.

నీకు తెలుసుగా, ఎవరొచ్చినా బానెట్ ఎత్తి, టార్చి వేసి ఆ నంబరు చూపిస్తాడు. చర్చి ఫాదర్‌కి కూడా చూపించాడు. ఎవరైనా కళ్ళద్దాలు తీసి దగ్గరగా వంగితే మాత్రం బానెట్ మూసేస్తాడు. నన్నయితే దగ్గరికే రానివ్వడు. "నువ్వు రోజూ ఇంజిన్లే కదా కోసేది, నీకిది కొత్తా?" అంటాడు.

నీ మాటంటే ఆయనకి గురి. నా తరఫున ఒక్క పేజీ రాయి బాబాయ్. కారనేది నడవడానికని రాయి, చాలు.

నీ తెక్లా


"ఎల్డన్ హార్ట్‌విగ్" ఓడ, సుపీరియర్ సరస్సు
27 ఏప్రిల్ 2004

తెక్లా తల్లీ,

సాసేజ్ అందింది. ఇంజిన్ గది వాళ్ళు వాసన పట్టేశారు, నాకు రెండు ముక్కలు మిగిలాయి. మా చీఫ్ ఇంజనీరు మీ అమ్మని పెళ్ళి చేసుకుంటానంటున్నాడు. మీ నాన్న ఉన్నాడని చెప్పాను. "ఆయన కారుతో కాపురం చేస్తున్నాడని నువ్వే అన్నావుగా" అన్నాడు.

డులుత్‌లో ఇనుప ఖనిజం ఎక్కించుకుని కిందికి వస్తున్నాం. సరస్సులో ఇంకా మంచు పలకలు తేలుతున్నాయి. నిన్న ఓడ ఊగి ముప్పై గుడ్లు నేలపాలయ్యాయి. మోకాళ్ళు వంగక వాటిని ఎత్తడానికి గంట పట్టింది. జనవరి ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.

కారు సంగతి. వద్దు.

అన్నయ్య చెప్పింది అక్షరాలా నిజం. పుట్టిన ఇంజిన్‌తో ఉన్న కారు వేరు. అది ఒకసారి పోతే మళ్ళీ రాదు. రేడియేటర్ పెద్దది వెయ్యి. ఫ్యాన్ మార్చు. ఇంజిన్ జోలికి మాత్రం పోకు, బోల్టు కూడా విప్పకు. ముఖ్యంగా ముందువైపు, నంబరున్న చోట, గుడ్డ గానీ బ్రష్షు గానీ తగలనివ్వకు. పాత ఇనుము చాలా సున్నితంగా ఉంటుంది.

అన్నయ్యని, వదినని అడిగానని చెప్పు.

ఫ్లోర్యన్ బాబాయ్


హామ్‌ట్రామెక్
6 మే 2004

బాబాయ్,

పాత ఇనుము సున్నితంగా ఉంటుందా? ఆరేళ్ళుగా నేను కోస్తున్నదంతా అదే. ఇంతవరకు ఒక్కటీ ఏడవలేదు.

నీ ఉత్తరం నాన్న కంటపడింది. నేను చూపించలేదు. పోస్టు డబ్బా తీసేది ఆయనే, నీ చేతిరాత చూస్తే ఎవరి పేరుతో వచ్చిందని కూడా చూడడు. బేకరీకి తీసుకెళ్ళి క్యూలో ఉన్న వాళ్ళందరికీ చదివి వినిపించాడు. "పుట్టిన ఇంజిన్‌తో ఉన్న కారు వేరు" అన్న వాక్యం రెండుసార్లు చదివాడట. "నా తమ్ముడు. వాడికి తెలుసు" అని కళ్ళు తుడుచుకున్నాడట. ఇప్పుడది గరాజు గోడ మీద నాలుగు మేకుల మధ్య ఉంది. సాయం అడిగితే నా దారికి అడ్డంగా గోడ కట్టావు.

నిజం చెప్పు. రెండేళ్ళ క్రితం ఇదే ఇంట్లో కూర్చుని "నంబర్లు చూసుకునేవాళ్ళు లాటరీ టికెట్లు కొనుక్కోవాలి, కార్లు కాదు" అన్నది నువ్వే కదా? ఇంతలో ఏమైంది నీకు?

ఈసారి మా షాపు చిరునామాకి రాయి. అక్కడైతే నా ఉత్తరం నేనే చదువుకుంటాను.

తెక్లా


"ఎల్డన్ హార్ట్‌విగ్", హ్యూరాన్ సరస్సు
15 మే 2004

తెక్లా తల్లీ,

చదివాక దీన్ని కాల్చెయ్యి.

1972 జూలై. అన్నయ్య జర్మనీలో సైన్యంలో ఉన్నాడు. కారు తాళం నాకిచ్చి, వారానికొకసారి స్టార్ట్ చేసి పది నిమిషాలుంచి ఆపెయ్యమన్నాడు. నాకు ఇరవై ఏళ్ళు. ఒక ఆదివారం టెలిగ్రాఫ్ రోడ్డు సిగ్నల్ దగ్గర మస్టాంగ్ కారులో ఒకడు, పందేనికి వస్తావా అన్నట్టు నన్ను చూసి కనుబొమ్మలు ఎగరేశాడు. మూడో గేరులో ఇంజిన్ లోపలి రాడ్ విరిగి, పక్క గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. రోడ్డు మీద పడ్డ, కాలుతున్న ముక్కని చేత్తో తీశాను. నా కుడి అరచేతిలో మచ్చ ఓడలో నూనె పడి అయిందని మీకందరికీ చెప్పాను కదా, అబద్ధం.

అప్పుడు నేను ఫ్యాక్టరీ టూల్ రూములో పనిచేసేవాణ్ణి. పాత కార్ల యార్డులో, గుద్దుకున్న ఇంపాలా కారు ఒకదాంట్లో సరిగ్గా అదే సైజు ఇంజిన్ దొరికింది. దాని నంబరు ఆకురాయితో అరగదీశాను. ఉక్కు అంకెల అచ్చులు, సుత్తి తెచ్చుకుని అన్నయ్య నంబరు కొట్టాను. విరిగిన ఇంజిన్ పక్కనే పెట్టుకుని చూసి చూసి కొట్టాను. దాని మీద మూడో అంకె కాస్త వాలి ఉంటే నేనూ అంతే వాల్చాను. చివరిది లోతుగా దిగి ఉంటే అంత లోతుకీ దింపాను. అంకెల చుట్టూ అడ్డదిడ్డంగా ఆకురాయి గీతలుంటే, ఫ్యాక్టరీ వాళ్ళు ఇంత నిర్లక్ష్యంగా చేస్తారా అనుకుంటూ వాటిని కూడా అచ్చం అలాగే గీశాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, అంత శుభ్రమైన పని నేను మళ్ళీ చెయ్యలేదు.

మరుసటేడు అన్నయ్య వచ్చాడు. ఇంట్లోకి కూడా వెళ్ళకుండా గరాజులోకెళ్ళి బానెట్ ఎత్తాడు. నంబరు చూశాడు. నన్ను గట్టిగా కావలించుకున్నాడు. ఆ కావలింతకి నేను తట్టుకోలేకపోయాను. రెండు వారాల్లో ఓడెక్కాను. జీతం బాగుంటుందని ఎక్కాననుకుంటారు అందరూ.

ఇప్పుడా ఇంజిన్ బయటికి తీస్తే తెలిసినవాడెవడో చూస్తాడు, చెబుతాడు. ముప్పై ఏళ్ళు ఊరందరికీ చూపించిన నంబరు నా సుత్తి దెబ్బలని తెలిశాక అన్నయ్య నన్ను మేడ మీద ఉండనిస్తాడా? నాకు వేరే ఇల్లు లేదు తల్లీ. డులుత్ నుంచి క్లీవ్‌లాండ్ దాకా నాదంటూ ఉన్నది ఓడలో ఒక పడక, నాలుగు గరిటెలు.

అర్థం చేసుకో. కాల్చెయ్యి.

బాబాయ్


(కార్డు) 29 మే 2004

బాబాయ్, ఉత్తరం అందింది. చెప్పినట్టే చేశాను. ఇక్కడ నాన్నకి అంతా తెలిసిపోయింది! మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ "సరే, అయిందేదో అయింది" అన్నాడు. చేతినిండా గ్రీజు, వివరంగా మళ్ళీ రాస్తాను. – తెక్లా


"ఎల్డన్ హార్ట్‌విగ్", ఈరీ సరస్సు
3 జూన్ 2004

నా బంగారు తల్లీ,

నీ కార్డు బకెట్లోంచి తీసి డెక్కు మీదే చదివాను. పిండి బస్తా మీద కూర్చుండిపోయాను. డెక్కు వాళ్ళు నాకు గుండెపోటు వచ్చిందనుకుని నీళ్ళు తెచ్చారు.

అయిందేదో అయింది! అదీ మా అన్నయ్యంటే. ముప్పై రెండేళ్ళు నేను భయపడింది ఈ నాలుగు ముక్కలకా?

ఆయనకి తెలిసిపోయాక ఇక నేను నోరు మూసుకుని ఉండటం మర్యాద కాదు. ఇదే బకెట్లో ఆయనకి విడిగా నాలుగు పేజీలు పంపుతున్నాను. రాడ్ విరగడం, ఇంపాలా, అచ్చులు, నేను ఓడెక్కిన కారణం, ఏదీ దాచలేదు.

ఇవాళ సిబ్బందికి మనిషికి రెండు ముక్కల యాపిల్ కేకు పెట్టాను, పైన ఐస్‌క్రీమ్. ఎవరి పుట్టినరోజని కెప్టెన్ అడిగాడు. నాదేనన్నాను.

బాబాయ్


హామ్‌ట్రామెక్
4 జూన్ 2004

బాబాయ్,

కార్డులో హడావిడిగా రాశాను, ఇప్పుడు వివరంగా విను. నేను ఆ ట్రక్కు ఇంజిన్‌ని నాన్నకి చెప్పకుండా ఇంటికి తెచ్చేశాను. కింద గదిలో బట్టలుతికే యంత్రం పక్కన పెట్టి, అమ్మ ఈస్టర్ టేబుల్ గుడ్డ కప్పాను. సాక్సుల కోసం వెళ్ళి నాన్న గుడ్డ ఎత్తాడు. ఆయనకి తెలిసిపోయిందన్నది అదీ. మూడు రోజుల మౌనం. నాలుగో రోజు ఒప్పుకున్నాడు. ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. రోజుకోసారి వెళ్ళి ఆ కొత్తదాని చుట్టూ తిరిగి వచ్చేవాడని అమ్మ చెప్పింది.

షరతులు పెట్టాడు. బయటివాళ్ళ చెయ్యి పడకూడదు. పాతదాన్ని తీసేది ఆయనా నేనూ మాత్రమే. తీసిన వెంటనే చుట్టి మూల పెట్టాలి, ఎవరూ చూడకూడదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక గొలుసు వేసి ఎత్తాం. రెండు నిమిషాలపాటు నీ నంబరు నా కళ్ళెదురుగా వేలాడింది. గ్రీజు తుడవబోతే నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. దుప్పటి చుట్టి, తాడుతో ఏడు ముళ్ళు వేశాడు. నీ రహస్యం ఆ దుప్పట్లో భద్రంగా ఉంది. ఆయనకి అనుమానం కూడా లేదు. ఇక నువ్వు చెయ్యాల్సిందల్లా నోరు మెదపకుండా ఉండటమే.

కొత్తది అంత సులువుగా కూర్చోవడం లేదు. నూనె తొట్టి కిందికి వేలాడి కారు అడ్డ కమ్మీకి తగులుతోంది, పొట్టి తొట్టి వెయ్యాలి. పెట్రోలు టాంకులో కొత్త పంపు కావాలి. ఇంజిన్‌తో వచ్చిన తీగల గుత్తి భోజనాల బల్ల నిండా పరిచి ఒక్కో తీగకీ చీటీ అంటిస్తున్నాను. వారం నుంచి అందరం నిలబడే తింటున్నాం. "పాత కార్లకి పదమూడు తీగలుండేవి, దీనికి ఇన్నెందుకే?" అంటాడు నాన్న. "ఇది ఆలోచిస్తుంది నాన్నా." "ఇంట్లో ఆలోచించేవాళ్ళు ఇప్పటికే ఎక్కువయ్యారు" అన్నాడు. కానీ చీటీల మీద రాసేది ఆయనే.

తెక్లా


హామ్‌ట్రామెక్
9 జూన్ 2004

బాబాయ్! ఏం చేశావు?

నిన్న మా ఇద్దరికీ నీ ఉత్తరాలు ఒకేసారి వచ్చాయి. నాదీ, నాన్నదీ. ఆయనది ఆయన వాకిట్లో నిలబడే చదివాడు. నాలుగు పేజీలూ. మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, గరాజులోకెళ్ళి తలుపు వేసుకున్నాడు. అమ్మ భోజనానికి పిలిస్తే "ఆకలి లేదు" అన్నాడు. మా నాన్న! సాసేజ్ వాసనకి చర్చిలోంచి లేచి వచ్చే మనిషి!

ఇవాళ మేడ మీదికి వెళ్ళి చూశాను. నీ గదికి ఆకుపచ్చ రంగు వేస్తున్నాడు కదా, సగం గోడ దగ్గర ఆగిపోయింది. బ్రష్షు డబ్బాలోనే ఎండిపోతోంది.

నా కార్డుదే తప్పు, నాకు తెలుసు. కానీ వివరంగా మళ్ళీ రాస్తానన్నాను కదా, ఒక్క రోజు ఆగలేకపోయావా?

తెక్లా


"ఎల్డన్ హార్ట్‌విగ్", డులుత్
17 జూన్ 2004

తల్లీ,

నీ తప్పేం లేదు. ముప్పై రెండేళ్ళు ఆగినవాణ్ణి ఇంకొక్క రోజు ఆగలేకపోయాను, అంతే.

ఈ వారం రెండుసార్లు సూపు మాడింది. ఓడలో ఎవరూ నన్ను ఏమీ అనడం లేదు. తిట్టినా బాగుండేది.

ఇక్కడ రేవు పక్కన, చేపల ఎరలమ్మే కొట్టు పైన ఒక గది ఖాళీగా ఉంది. కొట్టు నడిపేది మా పాత సహచరుడి భార్య. మనిషి గట్టిదే గానీ మంచిది. అవసరమైతే ఇస్తానంది. వాసన కొంచెం ఉంటుంది, అలవాటు పడతాను.

అన్నయ్యని నువ్వేమీ అడగకు. ఒక్క సంగతి మాత్రం నాకు రాయి. నేను కొట్టిన నంబరుని దగ్గర నుంచి చూశావు కదా. నువ్వు ఈ పనిలో ఉన్నదానివి. ఎలా ఉంది?

బాబాయ్


హామ్‌ట్రామెక్
11 జూలై 2004

బాబాయ్,

పని బాగుంది. మరీ బాగుంది. అదే గొడవ.

పోయిన వారం మా షాపుకి 1970 నాటి ఇంజిన్ ఒకటి వచ్చింది. ఎవరూ ముట్టుకోనిది, ఒక ముసలమ్మ కారులోది. నంబరున్న చోట భూతద్దం పెట్టి చూశాను. ఫ్యాక్టరీ యంత్రం కోసిన సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకి, దువ్వెనతో దువ్వినట్టు. ఆకురాయి గీత ఒక్కటి లేదు. నేను ఈ ఆరేళ్ళలో వందల ఇంజిన్లు చూశాను, దేని మీదా లేదు. ఫ్యాక్టరీలో అక్కడ ఎవరూ ఆకురాయి పట్టరు.

నువ్వు విరగ్గొట్టిన ఇంజిన్ మీద మాత్రం నువ్వు పట్టకముందే ఉన్నాయి. నువ్వే రాశావు. ఈ పేరా రెండోసారి చదువు.

నాన్నని అడిగాను.

"వాడికేమీ రాయకు. నేనే రాస్తాను" అన్నాడు.

"ఎప్పుడు?"

"రాస్తానన్నాను కదే!"

మాటిచ్చాను కాబట్టి ఇంతకంటే రాయను. ఆ ఎరల కొట్టు గది మాత్రం ఒప్పుకోకు.

మేడ గోడ ఆగిపోయింది నీ ఉత్తరం వల్ల కాదు. ఆ ఆకుపచ్చ ఆసుపత్రి రంగులా ఉందని అమ్మ ఆపించిందట. నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు మీగడ రంగు.

జూలై నాలుగున కొత్త ఇంజిన్ స్టార్టయింది. మొదటి తిప్పుకే. నాన్న "అంతేనా?" అన్నాడు. పాతదాన్ని లేపడానికి పావుగంట బతిమాలేవాడు కదా, ఇంత తేలిగ్గా లేస్తే ఆయనకి అవమానంగా ఉంది.

తెక్లా


"ఎల్డన్ హార్ట్‌విగ్", సుపీరియర్ సరస్సు
25 జూలై 2004

తెక్లా తల్లీ,

ఆ పేరా నాలుగుసార్లు చదివాను. ఫ్లింట్‌లో ఆ రోజు ఎవడో సోమరి పనివాడు ఉండి ఉంటాడు. యంత్రం చెడిపోయి చేత్తో చేసి ఉంటాడు. నువ్వు ఇంకెవరినో అనుమానిస్తున్నట్టుంది. మా అన్నయ్య గురించి అలా ఆలోచించకు. దుకాణంలో చిల్లర ఎక్కువిస్తే ఆయన వెనక్కి నడిచి వెళ్ళి ఇచ్చే మనిషి.

ఆయనే రాస్తానన్నాడంటే నాకు అర్థమైంది. రావద్దన్న మాట నీ చేత చెప్పించడం ఇష్టం లేక. ఎలా రాయాలో తెలియక ఆగుతున్నాడు. తొందరపెట్టకు.

కారు నడుస్తున్నందుకు సంతోషం.

బాబాయ్


(కార్డు) 22 ఆగస్టు 2004

బాబాయ్, నిన్న వుడ్‌వర్డ్ మీద అయిదు గంటలు, నత్త నడక. వేడి ముల్లు కదల్లేదు! నాన్న బానెట్ ఎత్తి అందరికీ తనే చెప్పాడు: "పికప్ ట్రక్కు ఇంజిన్. మా అమ్మాయి పెట్టింది." పాత నంబర్ల వాళ్ళు ఇద్దరు మూతి తిప్పుకుని వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు వంగి చూశారు. చూడనిచ్చాడు. ఎంతసేపు కావాలంటే అంతసేపు. – తెక్లా


"ఎల్డన్ హార్ట్‌విగ్", డులుత్
30 అక్టోబర్ 2004

తెక్లా తల్లీ,

నవంబరు గాలులు ముందే వచ్చాయి. బల్ల మీద గిన్నెలు జారకుండా తడిగుడ్డలు పరుస్తున్నాను. రెండు రోజులుగా అందరికీ శాండ్‌విచ్‌లే.

అన్నయ్య దగ్గర్నుంచి ఏమీ రాలేదు. జూన్ నుంచి అయిదు నెలలు. నది దాటిన ప్రతిసారీ బకెట్ నేనే లాగాను, వేరేవాళ్ళని ముట్టుకోనివ్వలేదు. ఇక చాలు. ఎరల కొట్టు గదికి సరేనన్నాను. చలికాలానికి ఓడని ఈ ఏడు టోలెడో రేవులో కట్టేస్తారు. అక్కడ దిగి బస్సులో ఇటు వచ్చేస్తాను. మీ ఇంటి మీదుగానే పోతుంది బస్సు, కానీ ఆగను. మేడ మళ్ళీ అద్దెకివ్వమని చెప్పు. ఆయన మీద నాకు కోపం లేదని కూడా చెప్పు. చెప్పకపోయినా పరవాలేదు.

మీ అమ్మ సాసేజ్ డులుత్‌కి పోస్టులో వస్తుందంటావా?

బాబాయ్


హామ్‌ట్రామెక్
8 డిసెంబర్ 2004

ఒరేయ్ ఫ్లోర్యన్,

నాకు ఉత్తరాలు రాయడం చేతకాదని నీకు తెలుసు. జూన్ నుంచి పదకొండు మొదలుపెట్టి చించేశాను. తపాలా పడవ వచ్చే వారంతో ఆగిపోతుందట. తెక్లా నీ అక్టోబరు ఉత్తరం నా కంచం పక్కన పెట్టి, ఇది రాసేదాకా ఉప్పు డబ్బా ఇవ్వనంది. కాబట్టి ఇది పన్నెండోది, చించను.

నువ్వు టెలిగ్రాఫ్ రోడ్డు మీద పగలగొట్టింది ఫ్లింట్‌లో పుట్టిన ఇంజిన్ కాదు. దాన్ని నేను పగలగొట్టాను. 1970 సెప్టెంబరు, కారు కొన్న నాలుగో నెల. నాదీ టెలిగ్రాఫ్ రోడ్డే. నన్ను పందేనికి పిలిచిందీ మస్టాంగే. అప్పు కాగితం మీద సంతకం మన నాన్నది, తెలిస్తే మర్నాడే కారు అమ్మించేవాడు. ఫ్యాక్టరీలో మా లైనులో పనిచేసే స్నేహితుడి గరాజులో వేరే ఇంజిన్ దింపి, ఆకురాయి పట్టి, నంబరు కొట్టాను. నాకు నీ పనితనం లేదు. మూడో అంకె దగ్గర అచ్చు వాలిపోయింది. నువ్వు దాన్ని కూడా వాల్చావు. నీ నాలుగు పేజీల్లో ఆ మాట వాకిట్లో నిలబడి రెండుసార్లు చదివాను.

సైన్యం నుంచి వచ్చి బానెట్ ఎత్తింది ఎందుకనుకున్నావు? నేను లేని రెండేళ్ళలో ఎవరైనా కనిపెట్టారేమోనని. నా వంకర అంకె నాకు అలాగే కనిపించింది. బతికాననుకుని నిన్ను కావలించుకున్నాను. నువ్వు దాన్ని వేరేగా అనుకున్నావు.

తరవాత అదే అబద్ధం ఎన్నిసార్లు చెప్పానో, సగం నేనే నమ్మేశాను. తెలిసినవాళ్ళు వంగితే బానెట్ మూసేసేవాణ్ణి. ఆ మూడు రోజులు ట్రక్కు ఇంజిన్ చుట్టూ తిరిగినప్పుడు తట్టింది, పాతదాన్ని తీసి దుప్పటి చుట్టేస్తే ఇక ఎవరికీ చూపించక్కర్లేదని. అందుకే ఒప్పుకున్నాను. తెక్లాకి నిన్ననే చెప్పాను. నవ్వీ నవ్వీ స్పానర్ కింద పడేసింది.

నీ ఉత్తరం చదివి గరాజులో తలుపేసుకున్నది కోపంతో కాదురా. మొదట నాకూ నవ్వొచ్చింది. తరవాత నువ్వు ఓడెక్కిన కారణం రాసిన పేజీ మళ్ళీ చదివాను. మీ వదిన వాండాని కూర్చోబెట్టి, నువ్వు క్రిస్మస్ మా బల్ల దగ్గర చేసిన ఏడాదులు ఏవేవని అడిగాను. ఇద్దరం కలిసి నాలుగు చెప్పగలిగాం. 1973లో నేను ఒక్క మాట చెప్పి ఉంటే, నీ మాట నువ్వూ చెప్పేవాడివి, ఆ వారమంతా నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. ఆ ఒక్క మాట రాయడానికే ఆరు నెలలు పట్టింది. సిగ్గు వల్ల. దానికి వేరే పేరేమీ లేదు.

డులుత్ ఆవిడకి ఫోన్ చేసి, నువ్వు రావడం లేదని చెప్పాను. మర్యాదగానే చెప్పాను. ఆవిడ మర్యాదగా వినలేదు. నువ్వే సర్దిచెప్పుకో.

ఓడని జనవరి పదిహేడున టోలెడో రేవులో కట్టేస్తారని మీ కంపెనీ వాళ్ళు చెప్పారు. రేవు గేటు బయట ఉంటాను. బస్సెక్కావంటే బస్సు వెనకాలే డులుత్ దాకా హారన్ కొట్టుకుంటూ వస్తాను. వ్యాన్ తీసుకెళ్ళమంటోంది వాండా. తెక్లా ఉదయం నుంచి నాతో మాట్లాడటం లేదు, ఎందుకంటే షెవెల్‌లో వస్తానన్నాను. అవును, జనవరిలోనే. మంచు కరగడానికి టోలెడో దాకా రోడ్డంతా ఉప్పు చల్లి ఉంటుందని, అది కారు అడుగుభాగాన్ని తినేస్తుందని నాకొకరు చెప్పక్కర్లేదు. ముప్పై నాలుగేళ్ళలో ఈ కారు ఒక్క చలికాలం కూడా బయటికి రాలేదు. వాన మబ్బు పట్టినా లోపల పెట్టేవాణ్ణి. తుప్పు పడితే పట్టనీ. తెక్లా కోసి అతుకుతుంది, కొన్నాళ్ళు తిడుతుంది.

సరుకు దించడం, సామాను సర్దడం, అందరికీ వీడ్కోలు చెప్పడం, ఎంత ఆలస్యమైనా తొందరపడకు. బండి ఆపకుండా, హీటరు వేసి ఉంచుతాను. ఇది వేడెక్కదు.

కాజిమీర్